పోలీసులు సోదాకు వస్తే ఏం చేయాలి: వారెంటు కన్నా పంచనామా ముఖ్యం

సినిమాల్లో ఎస్సై గుమ్మంలో కాలు పెట్టగానే ఇంటాయన "వారెంటు ఉందా?" అంటాడు. ఎస్సై పళ్లు నూరుకుంటూ వెనక్కి తిరిగిపోతాడు. నిజంగా ఆ మాట అడిగి చూడండి, "అక్కర్లేదు" అంటారు. ఒళ్లు మండుతుంది గానీ, చాలా సందర్భాల్లో ఆ జవాబు చట్టప్రకారం సరైనదే.

ఇంకో చేదు నిజం కూడా ముందే చెప్పేస్తాను. సోదా పద్ధతి ప్రకారం జరగలేదని తేలినంత మాత్రాన అందులో దొరికిన వస్తువును మన కోర్టులు పక్కన పడేయవు. పూరన్ మల్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పినప్పటి నుంచీ దారి అదే: వస్తువు కేసుకు సంబంధించినదైతే సాక్ష్యంగా చూస్తారు, లోపాన్ని బట్టి దాని విలువ తగ్గిస్తారు. కాబట్టి గుమ్మం దగ్గర గొడవపడి మీరు సాధించేది తక్కువ. సోదా జరుగుతున్నప్పుడు కాగితం మీద ఏం పడింది, ఏం పడలేదు అన్నదే ఏడాది తర్వాత వకీలు చేతిలో ఆయుధమవుతుంది. కింద చెప్పేదంతా ఆ కాగితం, అంటే సోదాలో ఏం జరిగిందో సాక్షుల ఎదుట రాసే పంచనామా చుట్టూనే తిరుగుతుంది.

2024 జులై 1 నుంచి పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారాయి. పాత పుస్తకం చూసి "సెక్షన్ 165" అంటే స్టేషన్లో నవ్వుతారు. అదిప్పుడు 185.

1. తలుపు తీసేటప్పుడు: ఎవరు, ఏ స్టేషన్, దేనికోసం

మూడే ప్రశ్నలు. గొంతు పెంచకుండా అడగండి. "సార్, మీ పేరు, స్టేషన్? ఏ కేసులో వచ్చారు? ఏ వస్తువు కోసం?" మఫ్టీలో వచ్చినవాళ్లయితే గుర్తింపు కార్డు చూపించమనండి. అనుమానం తీరకపోతే 112కు ఫోన్ చేసి, ఫలానా స్టేషన్ నుంచి మనుషులు వచ్చారా అని కనుక్కోండి. పోలీసులమని చెప్పి ఇళ్లు దోచుకున్న ముఠాల వార్తలు మీరూ చదివే ఉంటారు, కాబట్టి ఇలా కనుక్కోవడంలో తప్పేమీ లేదు.

మూడో ప్రశ్న అన్నిటికన్నా విలువైనది. సెక్షన్ 185 ప్రకారం వారెంటు లేకుండా సోదా చేయాలంటే స్టేషన్ అధికారి గానీ, ఆ కేసు దర్యాప్తు చేస్తున్న అధికారి గానీ ముందు కొన్ని సంగతులు రాసి పెట్టాలి. దర్యాప్తుకు కావాల్సిన వస్తువు ఫలానా చోట ఉందని ఎందుకు నమ్ముతున్నారు, వారెంటు కోసం ఆగితే ఎందుకు ఆలస్యమవుతుంది, వీలైనంత వరకు ఆ వస్తువు ఏమిటి అన్నవి కేసు డైరీలోకి ఎక్కాలి. "ఊరికే ఓసారి చూసిపోదామని" ఇల్లు గాలించే అధికారం ఈ సెక్షన్ ఇవ్వదు. వీలైతే ఆ అధికారి స్వయంగా రావాలి. రాలేకపోతే కారణం రాసి, కింది అధికారికి రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. వచ్చింది కానిస్టేబుళ్లు మాత్రమే అయితే ఆ ఉత్తర్వు చూపించమని అడగడానికి మీకు కారణం ఉన్నట్టే.

వారెంటు తెచ్చారా, చేతిలోకి తీసుకుని చదవండి. ఏ కోర్టు, ఏ చిరునామా, ఏ వస్తువు, తేదీ. డోర్ నంబరు తప్పు పడిన వారెంట్లు ఉంటాయి. చదివాక ఒక ఫొటో తీసుకోండి.

ఇంకో చిన్న మాట. "లోపల ఓసారి చూడొచ్చా?" అని అడిగారనుకోండి. అడిగారంటే అది ప్రశ్న. "నాకు ఇష్టం లేదు సార్, చట్టప్రకారం మీకు అధికారం ఉంటే నేను అడ్డుపడను" అనండి. ఆ ఒక్క వాక్యంతో మీరు అనుమతి ఇచ్చినట్టూ కాదు, ఆటంకపరిచినట్టూ కాదు.

2. అడ్డం నిలబడకండి

అధికారం ఉన్న సోదాకు దారి ఇవ్వాల్సిందేనని సెక్షన్ 103 చెబుతుంది. ఇవ్వకపోతే తలుపులు పగలగొట్టుకుని వెళ్లే వీలు కూడా ఉంది. చెయ్యి అడ్డం పెట్టినా, భుజం తగిలినా అసలు కేసు పక్కకుపోయి కొత్త కేసు మీ మెడకు చుట్టుకుంటుంది: విధులకు ఆటంకం అంటే నేరాలు, శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 221, దౌర్జన్యం అంటే 132. సోదాలో ఏమీ దొరక్కపోయినా 132 కింద రిమాండుకు వెళ్లే ప్రమాదం ఉంది. ఇంట్లో ఆవేశపరులుంటే ముందు వాళ్లను కుర్చీలో కూర్చోబెట్టండి.

రాత్రి వచ్చారని అభ్యంతరం చెప్పొచ్చా? మామూలు కేసుల్లో రాత్రి సోదా కూడదని బీఎన్‌ఎస్‌ఎస్‌లో నియమం లేదు. మాదకద్రవ్యాల చట్టంలో (ఎన్‌డీపీఎస్) మాత్రం సూర్యాస్తమయం తర్వాత వారెంటు లేకుండా లోపలికి రావాలంటే అందుకు కారణాలు రాయాలి. సమయం మాత్రం మీరు రాసుకోండి. ఎన్నింటికి వచ్చారు, ఎన్నింటికి వెళ్లారు.

వకీలు వచ్చేదాకా ఆగమంటే ఆగరు, ఆగాలని చట్టమూ చెప్పదు. అయితే సోదా జరుగుతున్నంతసేపూ ఇంటివాళ్లు గానీ, వాళ్ల తరఫున మరొకరు గానీ అక్కడ ఉండొచ్చని సెక్షన్ 103 చెబుతుంది. ఆ "మరొకరు" మీ వకీలైనా కావచ్చు, పక్కింటి రిటైర్డ్ మాస్టారైనా కావచ్చు. ఫోన్ చేసి పిలవండి. మిమ్మల్ని హాల్లో కూర్చోబెట్టి వాళ్లు పడగ్గదిలోకి వెళ్లిపోతే, "నా సమక్షంలో చూడండి సార్" అని లేచి వెంట నడవండి. నలుగురు నాలుగు గదుల్లోకి చొరబడితే, ఒక గది అయ్యాక ఇంకో గది చూడమని అడగండి. లోపలికి రాకముందు వాళ్ల జేబులూ సంచులూ చూపించమని అడగడం కూడా పాత ఆనవాయితీయే. కోడ్‌లో రాసి లేదు గానీ అడిగితే తప్పు లేదు, ఒప్పుకోకపోతే ఆ సంగతి గుర్తుపెట్టుకోండి.

3. పంచులు ఎవరో చూడండి

సోదా మొదలుపెట్టకముందే ఆ ప్రాంతానికి చెందిన, ఏ పక్షానికీ చెందని, గౌరవనీయులైన ఇద్దరిని సాక్షులుగా పిలవాలి. వాళ్లనే పంచులంటాం, మన దగ్గర కాగితాల్లో "మధ్యవర్తులు" అని రాస్తారు. ఆ ప్రాంతంలో ఎవరూ దొరక్కపోతేనో, రామంటేనో వేరేచోటి వాళ్లను పిలవొచ్చు.

కాలేజీ రోజుల్లో నాకో అనుభవం ఉంది. సాయంత్రం సైకిల్ మీద వస్తుంటే ఒక కానిస్టేబుల్ చెయ్యూపి ఆపాడు. "బాబూ, ఒక్క సంతకం, అర నిమిషం" అన్నాడు. జీపు బానెట్ మీద కాగితం. పైన సగం పేజీ రాత, కింద సగం ఖాళీ. ఖాళీలో చివర, పెన్సిల్‌తో చిన్న ఇంటూ గుర్తు. నేను అక్కడ సంతకం పెట్టి, నా పేరు, నాన్న పేరు, చిరునామా రాసి ఇంటికొచ్చి అన్నం తిని మర్చిపోయాను. రెండేళ్లకు సమన్లు వచ్చాయి. బోనులో నిలబెట్టి డిఫెన్సు వకీలు అడిగిన మొదటి ప్రశ్న: "ఆ కత్తి ఏ గదిలో దొరికింది?" నాకు కత్తి సంగతే తెలీదు. నేను కాగితం మీద చూసిన ఖాళీలోకి తర్వాత ఒక కత్తి వచ్చి చేరింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను, హాస్టైల్ (ఎదురు తిరిగిన సాక్షి) అని రాసుకున్నారు.

అందుకే చెబుతున్నాను. పంచులు ఇంట్లోకి వచ్చారా, వస్తువు బయటికి తీసినప్పుడు కళ్లారా చూశారా, లేక జీపు దగ్గరే నిలబడ్డారా? వాళ్ల పేర్లు అడిగి రాసుకోండి. అదే ఊరివాళ్లయితే మీకే తెలుస్తుంది. ప్రతి కేసులోనూ కనిపించే "స్టేషన్ పంచులు" కొందరుంటారు, వకీళ్లు పేరు వినగానే పట్టేస్తారు.

మిమ్మల్నే ఎవరైనా పంచుగా పిలిస్తే? రాతపూర్వకంగా పిలిచినప్పుడు సరైన కారణం లేకుండా నిరాకరించడం నేరమే, కాబట్టి వెళ్లండి. కానీ చూసిందానికే సంతకం పెట్టండి. ఖాళీ ఉంటే అడ్డంగా గీత కొట్టి, గీత కిందే పెట్టండి.

4. వీడియో తీస్తున్నారా?

కొత్త చట్టం తెచ్చిన అసలైన మార్పు ఇదే. సెక్షన్ 105 ప్రకారం సోదా, జప్తు మొత్తం, జాబితా రాయడం, సాక్షుల సంతకాలతో సహా, ఆడియో వీడియోగా రికార్డు చేసి ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపాలి. మొబైల్ ఫోన్ చాలు. దీనికోసం ఈ-సాక్ష్య అనే యాప్ కూడా పోలీసులకు ఇచ్చారు.

కాబట్టి మర్యాదగా గుర్తు చేయండి: "సార్, రికార్డింగ్ ఆన్ చేశారా?" ఆన్ చేశాక కెమెరా వైపు తిరిగి సమయం, అక్కడున్నవాళ్ల పేర్లు చెప్పండి. అభ్యంతరం ఏదైనా ఉంటే అదీ అప్పుడే చెప్పండి. మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెడితే "ఇప్పుడు ఆపారు, సమయం ఇంత" అని పైకి అనండి. మీ ఫోన్‌లో మీరు తీసుకోవడాన్ని నేరంగా చెప్పే ప్రత్యేక సెక్షన్ బీఎన్‌ఎస్‌ఎస్‌లో లేదు. అయితే ముఖం మీద ఫోన్ పెట్టి తీస్తే అది గొడవకు దారి తీస్తుంది. గోడ పక్కన నిలబడి తీయండి, వద్దని గట్టిగా అంటే ఆపేసి, వద్దన్నారని రాసుకోండి.

5. ఒంటి మీద సోదా

వెతుకుతున్న వస్తువును ఒంటి మీద దాచారని సహేతుకంగా అనుమానిస్తే సోదా జరిగే చోట ఉన్న మనిషిని తనిఖీ చేయొచ్చు. స్త్రీని స్త్రీయే, మర్యాదకు భంగం కలగకుండా చూడాలి. ఇందులో మినహాయింపు లేదు. మహిళా కానిస్టేబుల్ రాలేదంటే "వచ్చేదాకా ఇక్కడే కూర్చుంటానండీ" అనండి, కదలకండి. హ్యాండ్‌బ్యాగ్ తీసుకుని బల్ల మీద కుమ్మరించడానికి మగ పోలీసు ముందుకొస్తే కూడా అదే మాట అనండి.

గంజాయి, ఇతర మత్తుపదార్థాల అనుమానమైతే వేరే రక్షణ ఉంది. ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 50 ప్రకారం, ఒంటి సోదాకు ముందు మిమ్మల్ని గెజిటెడ్ అధికారి దగ్గరికో మేజిస్ట్రేటు దగ్గరికో తీసుకెళ్లమని కోరే హక్కు మీకుంది. ఆ హక్కు ఉందని వాళ్లే మీకు చెప్పాలి. 1999లో బల్దేవ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి గట్టిగానే చెప్పింది. "అక్కర్లేదని ముద్దాయి అన్నాడు" అని ముందే టైపు చేసిన కాగితం మీద సంతకం పెట్టమంటారు. మీకు ఆ హక్కు కావాలంటే అక్కడే, మీ చేతిరాతతో, "నన్ను మేజిస్ట్రేటు ఎదుట సోదా చేయండి" అని రాయండి. గుర్తుంచుకోవాల్సిన పరిమితి ఒకటుంది: ఈ హక్కు ఒంటికే, చేతి సంచికి వర్తించదు.

అరెస్టయ్యాక జరిగే సోదా సెక్షన్ 49 కిందకు వస్తుంది. వేసుకున్న బట్టలు తప్ప మిగతావి తీసుకుని భద్రపరచొచ్చు, కానీ తీసుకున్న వాటికి రసీదు ఇవ్వాలి. పర్సులో ఎన్ని నోట్లున్నాయో అప్పుడే లెక్కపెట్టించండి.

6. రోడ్డు మీద ఆపితే

బండి నడుపుతుంటే యూనిఫాంలో ఉన్న ఏ పోలీసు అడిగినా లైసెన్సు చూపించాలి. డిజిలాకర్‌లో ఉన్నా చెల్లుతుంది. తాగి నడుపుతున్నారని అనుమానిస్తే శ్వాస పరీక్ష చేయొచ్చు, నూరు మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు దాటితే కేసు.

బండి కాగితాలు చూసే అధికారం వేరు, మీ జేబులు, డిక్కీ, ఫోన్ వెతకడం వేరు. ప్రత్యేక చట్టం ఉన్నచోట తప్ప, ఏ అనుమానమూ లేకుండా దారిన పోయేవాళ్లందరి జేబులూ తడిమే సాధారణ అధికారం బీఎన్‌ఎస్‌ఎస్‌లో కనిపించదు. 2021 అక్టోబరులో హైదరాబాద్ వీధుల్లో కుర్రాళ్లను ఆపి, వాట్సాప్‌లో గంజాయి అన్న మాట కోసం ఫోన్లు వెతికిన వీడియోలు దేశమంతా తిరిగాయి. అలా అడిగితే "ఏ కేసులో సార్? నోటీసు ఇవ్వండి, ఇస్తాను" అనండి.

కాలనీ మొత్తాన్ని తెల్లవారుజామున చుట్టుముట్టి చేసే నిర్బంధ తనిఖీల (కార్డన్ సెర్చ్) సంగతీ ఇలాంటిదే. మీ ఇంట్లో ఫలానా వస్తువు ఉందన్న నమ్మకం సెక్షన్ 185కి ప్రాణం, కాలనీ కాలనీకి అలాంటి నమ్మకం ఎలా కుదురుతుందో నాకు అర్థం కాదు. ఆర్సీ చూపించండి, మొదటి ప్రశ్నలు మూడూ అడగండి, ఇంట్లోకి వస్తామంటే "నాకు ఇష్టం లేదు" అన్న వాక్యం చెప్పండి.

7. ఫోన్ అడిగితే

ఫోన్ ఇవ్వడం, పాస్‌వర్డ్ ఇవ్వడం రెండూ ఒకటి కావు. సెక్షన్ 94 కింద రాతపూర్వకంగా పరికరాన్ని హాజరుపరచమని అడగొచ్చు, సోదాలో జప్తు చేయొచ్చు. పాస్‌వర్డ్ చెప్పమని నిందితుణ్ణి బలవంతం చేయొచ్చా అన్నదాని మీద, తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పనక్కర్లేదనే రాజ్యాంగం 20(3) అధికరణం దృష్ట్యా, మన కోర్టులు ఒక్క మాట మీద లేవు. 2017లో గోప్యత ప్రాథమిక హక్కని తొమ్మిదిమంది న్యాయమూర్తులు తేల్చాక వాదనకు బలం పెరిగింది. మీరు చేయాల్సింది: "వకీలుతో మాట్లాడాక చెబుతాను" అని ఆగిపోవడం. లాక్ తీసి చేతికిచ్చేస్తే ఆ వాదన చేసే అవకాశం పోతుంది. అలాగని వాళ్ల ఎదుటే మెసేజులు చెరిపేయకండి, సాక్ష్యం మాయం చేశారని అదో కొత్త నేరమవుతుంది.

ఫోన్ తీసుకునేముందు *#06# నొక్కి ఐఎంఈఐ నంబరు తెరమీదకు తెచ్చి పంచనామాలో రాయించండి. స్విచాఫ్ చేయించి, కవర్లో పెట్టించి, మీ ఎదుటే సీలు వేయించండి.

8. పంచనామా: ఇక్కడ తొందరపడొద్దు

రెండు గంటల సోదా అయ్యాక అందరికీ విసుగు. అప్పుడే కాగితం ముందుకొస్తుంది, "సంతకం పెట్టండి, వెళ్లిపోతాం" అంటారు. కూర్చోండి. మంచినీళ్లు తాగండి. మొదటి అక్షరం నుంచి చదవండి.

ఇలా రాసి ఉందనుకోండి: "నిందితుని ఇంటిలో సోదా చేయగా ఒక సెల్‌ఫోను, కొంత నగదు దొరికినవి. స్వాధీనపరచుకోవడమైనది." ఈ రాతలో పనికొచ్చేది ఒక్కటీ లేదు. ఏ వస్తువు ఎక్కడ దొరికిందో కూడా రాయాలని చట్టమే అంటోంది. ఉండాల్సింది ఇలా: "తూర్పు వైపు పడగ్గదిలో ఇనుప బీరువా పై అరలో, నీలం చీర కింద, నలుపు రంగు ఫోను ఒకటి, ఐఎంఈఐ ఫలానా. అదే అరలో 500 రూపాయల నోట్లు 24, మొత్తం 12,000." మీ అన్నయ్యతో కలిసి ఉంటున్న ఇంట్లో ఆ బీరువా ఎవరిదన్న ప్రశ్న రేపు వస్తుంది. గది పేరు లేకపోతే ఇద్దరి బరువూ మీ మీదే పడుతుంది.

సమయాలు సరిచూడండి. కొట్టివేతలుంటే పక్కన పొట్టి సంతకాలు ఉండాలి. ఖాళీలు మూయించండి. ఒప్పుకోని సంగతి ఉంటే సంతకం పక్కనే రాయండి: "పంచులు గదిలోకి రాలేదు. వీడియో 7.40కి ఆపారు. నేను ఉన్నది హాల్లో." రాయనివ్వకపోతే సంతకం పెట్టకండి, ఆ సాయంత్రమే అదే సంగతి ఎస్పీకో కమిషనర్‌కో రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. పోస్టాఫీసు రసీదు మీద తేదీ ఉంటుంది, కోర్టులో ఆ తేదీకి విలువ ఎక్కువ.

జాబితా వేరు, వాంగ్మూలం వేరు. పోలీసులకు చెప్పిన వాంగ్మూలాన్ని వాళ్లు రాసుకుంటే దాని మీద చెప్పినవాళ్ల సంతకం తీసుకోకూడదని సెక్షన్ 181 అంటుంది. తెల్ల కాగితం మీద అసలే వద్దు.

సాక్షుల సంతకాలున్న జాబితా నకలు మీకివ్వాల్సిందే. "స్టేషన్‌కొచ్చి తీసుకోండి" అంటే "ఇక్కడే ఫొటో తీసుకుంటాను సార్" అనండి. ఏమీ దొరక్కపోతే? ఏమీ దొరకలేదనీ రాయించుకోండి.

9. వాళ్లు వెళ్లాక

అదే రాత్రి, నిద్రపోకముందు, జరిగిందంతా వరసగా రాయండి. బీరువా తాళం ఎవరు తీశారు, పంచులు ఎక్కడ నిలబడ్డారు, ఏం పగిలింది. పగిలినవాటి ఫొటోలు సర్దకముందే తీయండి.

సెక్షన్ 185 కింద రాసుకున్న కారణాల నకలు 48 గంటల్లోపు దగ్గరి మేజిస్ట్రేటుకు చేరాలి. ఇంటి యజమాని గానీ అందులో ఉంటున్నవాళ్లు గానీ దరఖాస్తు పెడితే ఆ నకలు కోర్టు ఉచితంగా ఇస్తుంది. ఇది అడిగేవాళ్లు చాలా తక్కువ. తప్పక అడగండి. కోర్టుకు ఆ కాగితం రానే లేదని తేలితే, అదే మీకు దొరికిన మొదటి గట్టి ఆధారం.

డబ్బు లేదని వకీలును వదులుకోకండి. 15100కు ఫోన్ చేస్తే న్యాయసేవల సంస్థ పలుకుతుంది. స్త్రీలు, ఎస్సీ ఎస్టీలు, కస్టడీలో ఉన్నవాళ్లు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు.

దర్యాప్తు పద్ధతిని నిర్దేశించే చట్టాన్ని తెలిసీ అతిక్రమించి ఎవరికైనా నష్టం కలిగించిన అధికారికి బీఎన్‌ఎస్ 199 ప్రకారం ఆరు నెలల నుంచి రెండేళ్ల కఠిన శిక్ష ఉంది. మానవహక్కుల కమిషన్‌కు వెళ్లాలంటే ఏడాదిలోపు వెళ్లాలి. అయితే అసలు కేసు నడుస్తుండగా ఈ ఫిర్యాదు ఎప్పుడు వేయాలో వకీలుతో మాట్లాడి తేల్చుకోండి.

జప్తు చేసిన బండి, ఫోన్ కేసు ముగిసేదాకా స్టేషన్లోనే తుప్పు పట్టాలని లేదు. కోర్టులో ఇంటరిమ్ కస్టడీ (తాత్కాలికంగా మీకు అప్పగించమని కోరే) పిటిషన్ వేయండి. స్టేషన్ ఆవరణలో బండ్లు పాడవుతుంటే ఎవరికీ ఉపయోగం లేదని, ఫొటోలు తీసి పూచీకత్తు మీద త్వరగా ఇచ్చేయాలని 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆర్సీ, ఇన్సూరెన్సు, ఫోన్ కొన్న బిల్లు సిద్ధంగా పెట్టుకోండి. తీసుకోవడానికి వెళ్లినప్పుడు సీలు చెక్కుచెదరకుండా ఉందో లేదో చూసి, ఐఎంఈఐ మళ్లీ సరిపోల్చి, ఆ తర్వాతే రిజిస్టర్లో సంతకం, దాని పక్కన తేదీ, టైము.